తంగేడు కొమ్మకి మూడున్నర అడుగుల దూరంలో: లార్జ్ ఫార్మాట్ కెమెరా, పొడుగు లెన్సుతో మొక్కల ఫోటోలు

పొడుగు లెన్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అమీన్‌పూర్ చెరువు అవతలి గట్టున కూర్చున్న కొంగ. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే సామాను అని మన లెక్క. 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ వేసే పెద్ద కెమెరాతో మొక్కల్ని తీసేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది, ఇక్కడ పొడుగు లెన్స్ పెట్టుకునేది మనం మొక్క నుంచి వెనక్కి జరగడానికి. అలా జరిగిన ప్రతి అడుగుకీ ఖర్చుంది. కొంత బెల్లోస్ (లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య హార్మోనియం తిత్తిలా సాగే గొట్టం) పొడవులో, కొంత వెలుతురులో, మిగతాది ఓపికలో కట్టాలి. ఇది నాకు ముందే ఎవరూ చెప్పకపోవడంతో ఒక పెట్టె ఫిల్మ్, అంటే 25 షీట్లు, దాదాపు మొత్తం పోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. కెమెరా విప్పడం, చీకట్లో హోల్డర్‌కి ఫిల్మ్ ఎక్కించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

వెనక్కి ఎందుకు జరగాలి

ఒక తంగేడు కొమ్మ అనుకోండి. అడుగు పొడవు, ముప్పావు అడుగు పైచిలుకు వెడల్పు ఉన్న ముక్క ఫ్రేము నిండా రావాలి. ఫిల్మ్ మీద అది అసలు సైజులో 0.4 వంతు పడుతుంది. ఈ ఫార్మాట్‌కి మామూలు లెన్స్ 150 ఎంఎం, దాంతో తీస్తే లెన్స్ కొమ్మకి 52 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్ళాలి. ట్రైపాడ్ కాలు పొదలోకి పోతుంది, కెమెరా నీడ పువ్వు మీద పడుతుంది, ఫోకస్ చూసేటప్పుడు తల మీద కప్పుకునే డార్క్ క్లాత్ అంచు తగిలి కొమ్మ ఊగుతుంది. అదే 300 ఎంఎం పెడితే లెన్స్ నుంచి కొమ్మకి 105 సెంటీమీటర్లు. అంటే మూడున్నర అడుగులు, మధ్యలో మీరు చెయ్యి పెట్టి ఎండుటాకు తీసేయొచ్చు, థర్మోకోల్ షీటు నిలబెట్టి నీడ భాగానికి వెలుతురు కొట్టొచ్చు.

రెండో లాభం వెనకాల ఉంటుంది. మన ఊళ్ళో ఏ మొక్క వెనకాలైనా అపార్ట్‌మెంట్ గోడో, కేబుల్ వైర్లో, ఆరేసిన బట్టలో, నల్ల నీళ్ళ ట్యాంకో ఉండి తీరుతుంది. 300 లెన్స్ వెనకాల చాలా తక్కువ మేరే చూస్తుంది కాబట్టి కెమెరాని అరడుగు పక్కకి జరిపితే ట్యాంకు పోయి దూరంగా నీడలో ఉన్న వేపచెట్టు వస్తుంది. 150తో అదే పని చేయాలంటే ట్యాంకునే జరపాలి.

పొడుగు లెన్స్ పెడితే మొక్క మీద పదునుగా వచ్చే లోతు తగ్గిపోతుందని ఒక భయం ఉంది, అది నిజం కాదు. మొక్క ఫిల్మ్ మీద అదే సైజులో పడుతూ, ఎపర్చర్ (లెన్స్ లోపలి కంత, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) అదే అయితే, ఏ లెన్సుతో అయినా లోతు దాదాపు ఒకటే. బాధేమిటంటే ఆ లోతు మొదట్నుంచీ తక్కువే: ఎఫ్22 దగ్గర, సగం సైజుకి తీస్తే సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అసలు సైజుకే తీస్తే తొమ్మిది మిల్లీమీటర్లు కూడా నిండదు. మందారం పువ్వులో కేసరం కొన నుంచి రేకుల వెనక దాకా ఎంతుంటుందో మీరే కొలుచుకోండి.

టేపు ముందు, లెన్స్ తర్వాత

నా మొదటి కెమెరా బెల్లోస్ పూర్తిగా లాగితే 32 సెంటీమీటర్లు. దానికి సంబరంగా 300 లెన్స్ కొన్నా. బిగించి, క్లాత్ కప్పుకుని చూస్తే దాదాపు పదహారు అడుగుల అవతల ఉన్నది తప్ప దగ్గరిది ఏదీ ఫోకస్ కాదు. అంత దూరం నుంచి డాబా మీది మందారం గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక బొమ్మ కనిపించే గరుకు గాజు) మీద శనగగింజంత కనిపించింది. అమ్మ వచ్చి తను కూడా క్లాత్ కింద దూరి చూసి, "దీనికా ఇంత డబ్బు పోశావు?" అంది.

సూత్రం చిన్నదే. చాలా దూరంలో ఉన్నదానికి లెన్స్ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీది ఎంఎం అంకె) అంత బెల్లోస్ చాలు. సగం సైజుకి ఒకటిన్నర రెట్లు కావాలి, అసలు సైజుకి రెండు రెట్లు. 300 లెన్సుకి అయితే వరసగా 30, 45, 60 సెంటీమీటర్లు. 210 లెన్సుకి 21, ముప్ఫై ఒకటిన్నర, 42. కాబట్టి మీ కెమెరా 40 దాటి లాగకపోతే 210తోనో 240తోనో మొదలుపెట్టండి, 300 తర్వాత చూసుకోవచ్చు. మడిచే చెక్క ఫీల్డ్ కెమెరాలు ఎక్కువగా 30, 40 మధ్యలో ఆగిపోతాయి. పాత సైనార్ ఎఫ్, కాంబో లాంటి మోనోరైల్ (ఒకే రైలు మీద జరిగే కెమెరా) అయితే ఇంకా లాగుతుంది, కొన్నిటికి రైలు ముక్క అదనంగా జోడించుకోవచ్చు. బరువే, కాదనను. మనం కొండలెక్కడం లేదుగా, లిఫ్టులో డాబా మీదికో, ఆటోలో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కో వెళ్తున్నాం.

లెన్సుల్లో నా ఓటు చిన్న ఎపర్చర్ వాటికే. నికోర్ ఎం 300 ఎఫ్9, ఫుజినాన్ సి 300 ఎఫ్8.5, ఫుజినాన్ ఎ 240 ఎఫ్9 చేతిలో ఇమిడేంత ఉంటాయి, ముందు స్టాండర్డ్ (లెన్స్ బిగించే చట్రం) బరువుకి వాలిపోదు. జి-క్లారాన్, అపో-రోనార్ అనేవి ప్రింటింగ్ వాళ్ళు కాగితం మీది బొమ్మల్ని కాపీ తీయడానికి చేసినవి, దగ్గర దూరానికే దిద్దిన లెన్సులు కాబట్టి మన పనికి భలే కుదురుతాయి. ఇప్పుడు అన్నీ సెకండ్‌హ్యాండే. జపాన్ నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కూడా కలిపి లెక్కేసుకోండి, చేతికొచ్చాక టార్చి వేసి ఫంగస్ చూడండి, షట్టర్‌ని ఒక సెకను మీద పెట్టి చెవి దగ్గర వినండి.

టెలిఫోటో రకం లెన్స్ ఉంటే బెల్లోస్ తక్కువతో బయటపడొచ్చు. ఫుజినాన్ టి 300 దూరపు ఫోకస్‌కి 20 సెంటీమీటర్లే అడుగుతుంది, 0.4 సైజుకి పైన ఇంకో 12 చాలు. నా పాత కెమెరాకి అదే సరిపోయేది! కానీ టిల్ట్ చేస్తే, అంటే లెన్స్‌ని ముందుకో వెనక్కో వాల్చితే, బొమ్మ మొత్తం ఎటో జారిపోతుంది, పైగా కింద చెప్పబోయే టేపు లెక్క దానికి పనికిరాదు, దాని కన్నా ఇంకాస్త ఎక్కువే ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. వేరే దారి లేకపోతేనే.

బెల్లోస్ తినే వెలుతురు

నా 25 షీట్లు పోయింది ఇక్కడే. బెల్లోస్ లాగేకొద్దీ ఫిల్మ్ మీద పడే వెలుతురు పలచబడుతుంది. మీటరుకి ఆ సంగతి తెలీదు. బెల్లోస్ పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే ఎన్ని రెట్లు ఎక్కువ ఇవ్వాలో వస్తుంది. పొదలో కూర్చుని ఇది చేయలేం కాబట్టి నేను టైలర్ టేపు జేబులో పెట్టుకుంటా, హోల్డర్ల సంచి మీద ఈ అంకెలు రాసుకున్నా: 300 లెన్సుకి 30 దగ్గర ఏమీ లేదు, 36 అయితే అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు), 42 అయితే ఒక స్టాప్, 50 అయితే ఒకటిన్నర, 60 అయితే రెండు. 210 లెన్సుకి 21, 25, 30, 35, 42. కొలవాల్సింది లెన్స్ బోర్డు నుంచి గ్రౌండ్ గ్లాస్ దాకా. ఫోకస్ పూర్తయ్యాక కొలవండి, ముందు కాదు.

ఎపర్చర్ విషయంలో కూడా ఇది గుర్తుండాలి. అసలు సైజుకి తీసేటప్పుడు లెన్స్ మీద ఎఫ్32 అని పెడితే ఫిల్మ్ దగ్గర అది ఎఫ్64 అయినట్టే, డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్న కంతలో వెలుతురు చెదరడం వల్ల, బొమ్మంతా మెత్తబడుతుంది. నేను ఎఫ్22 పెట్టి, మరీ అవసరమైతేనే ఎఫ్32కి వెళ్తా.

ఎప్పుడు, ఎక్కడ

గాలి లేనప్పుడు. జూన్ నుంచి ఆగస్టు దాకా హైదరాబాద్‌లో ఈదురుగాలి, అప్పుడు ఇంట్లో కిటికీ పక్కన కుండీ పెట్టుకుని ప్రాక్టీస్ చేసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు ఆకు కూడా కదలని గంట ఒకటి దొరుకుతుంది, ఈ పనికి అసలు సీజన్ అదే. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, శివరాత్రి ముందూ వెనకా ఆకులన్నీ రాల్చేసి నిప్పుల్లా పూసే మోదుగ, ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులు వేలాడే రేల. గునుగు కాస్త గాలికే తలూపుతుంది, జాగ్రత్త. కొత్తవాళ్ళకి నేను చెప్పేది మాత్రం జిల్లేడు. దళసరి ఆకు, బిరుసు కాడ, మైనం ముద్దలాంటి పూలు, చిన్న గాలికి బెదరదు. నాగజెముడు ఇంకా నయం, అది తుఫానుకి కూడా ఊగదు.

కొత్తగూడలోని బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళేట్టయితే ట్రైపాడ్‌కి అనుమతి కావాలేమో గేటు దగ్గరే అడిగేయండి, లోపల మొత్తం సెటప్ చేశాక విప్పమంటే ఏడుపొస్తుంది. నేను ఎక్కువగా తీసేది మా కాలనీ చివర ఖాళీ ప్లాట్లలో. అక్కడ వేరే చిక్కు. చెక్క కాళ్ళ ట్రైపాడ్, దాని మీద పెట్టె, నల్లగుడ్డ కప్పుకున్న మనిషి, చూసిన ప్రతివాళ్ళకీ అనుమానమే. "ఏం సార్, సర్వేనా? ఇక్కడ ప్లాట్లు చేస్తున్రా? గజం ఎంత పడ్తది?" తంగేడు పూల ఫోటో అంటే నమ్మరు. ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ ఇలాంటి పెట్టె కెమెరాలతోనే ఈ ఊరిని తీశాడని ఒకాయనకి చెప్పా, ఆయన నిదానంగా విని "అయితే ఇది నిజాం భూమా?" అన్నాడు. క్లాత్ ఎత్తి గ్లాస్ మీద తలకిందుల బొమ్మ చూపిస్తే మాత్రం అందరూ చల్లబడతారు.

నిలబెట్టడం, ఫోకస్ చేయడం

ముందు సైజు తేల్చుకోండి. 300 లెన్సుతో 0.4 సైజు కావాలంటే బెల్లోస్‌ని 42 దగ్గర పెట్టేసి, మొత్తం ట్రైపాడ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ కొమ్మ సుమారుగా ఫోకస్‌లోకి వచ్చేదాకా చూడండి. లెన్స్ నుంచి మూడున్నర అడుగులని ముందే తెలుసు కదా, టేపు పట్టి ట్రైపాడ్ అక్కడే పెడితే సగం పని అయిపోతుంది. సన్నని ఫోకస్ మాత్రం వెనక స్టాండర్డ్‌తోనే (గ్రౌండ్ గ్లాస్ ఉండే చట్రం) చేయాలి. ముందు స్టాండర్డ్ కదిపితే లెన్స్ కూడా కదిలి బొమ్మ సైజు మారుతుంది, మళ్ళీ ఫోకస్ పోతుంది, అలా తిప్పుతూ తెల్లారిపోతుంది.

గ్లాస్ మీద చీకటిగా ఉంటుంది. ఎఫ్9 లెన్స్ 42 దాకా లాగితే ఎఫ్12 దాటినంత వెలుతురే వస్తుంది. డార్క్ క్లాత్ లోపల నలుపు, బయట తెలుపు ఉండేలా మా టైలర్ చేత కుట్టించుకున్నా, మొత్తం నలుపుదైతే మన ఎండకి లోపల మనిషి ఉడికిపోతాడు. ఇంకో చిట్కా: పువ్వు మీద పదును తెలియకపోతే మందుల షీటు వెనక ఉండే సన్న అక్షరాల్ని పువ్వు పక్కనే అదే దూరంలో పట్టుకోమని ఎవరికైనా చెప్పండి, లూప్‌తో (చిన్న భూతద్దం) ఆ అక్షరాల మీద ఫోకస్ చేసి తర్వాత తీసేయండి. ఎక్కడ ఫోకస్ పెట్టాలన్నది మీ ఇష్టం కాదు, పువ్వు ఇష్టం. చూసేవాడి కన్ను ముందు కేసరాల మీదికే పోతుంది, అవి మసకైతే మిగతాదంతా ఎంత పదునున్నా దండగ.

టిల్ట్ గురించి ఆశలు తగ్గించుకోండి. ఫోకస్ తలాన్ని వాల్చడం పెద్ద కెమెరాకి ఉన్న గొప్ప శక్తే, ఆస్ట్రియా సైన్యంలో పనిచేసిన థియోడోర్ షైంఫ్లగ్ 1904లో పేటెంట్ తీసుకున్న సూత్రం ఆయన పేరుతోనే నిలిచిపోయింది. కానీ అది తలానికి పనిచేస్తుంది, గుబురుకి కాదు. వాలుగా ఉన్న అరిటాకు, నీటి మీద పరుచుకున్న తామరాకులు, ఒకే వైపు వాలిన తంగేడు రెమ్మ, వీటికి బ్రహ్మాండం. గుండ్రటి బంతి పువ్వుకి టిల్ట్ చేస్తే ఒక వైపు బాగుపడి ఇంకో వైపు చెడుతుంది. చేసే పద్ధతి: దూరపు అంచు ఫోకస్ చేయండి, దగ్గరి అంచు పదునెక్కేదాకా ముందు స్టాండర్డ్‌ని కొద్దిగా వాల్చండి, ఇప్పుడు దూరపుది చెడిపోయి ఉంటుంది, వెనక నాబ్‌తో సరిచేయండి, మళ్ళీ దగ్గరిది చూడండి. మూడు నాలుగు సార్లలో కుదురుతుంది. కుదరకపోతే ఆ మొక్కలో తలం లేదని అర్థం, సున్నాకి తెచ్చేసి ఎపర్చర్‌ని నమ్ముకోండి.

గాలితో బేరం

ఒక లెక్క చూడండి. ఉదయం నీడలో ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్, ఐఎస్ఓ 125, ఎఫ్22. మీటరు 1/8 సెకను అంది. బెల్లోస్ 42 ఉంది, ఒక స్టాప్, 1/4 అయింది. పసుపు ఫిల్టర్ పెట్టారు, ఇంకో స్టాప్, అర సెకను. అర సెకను పాటు ఏ తంగేడు రెమ్మా నిలబడదు. అందుకే ఆరుబయట నేను హెచ్‌పీ5 ప్లస్ వేస్తా, ఐఎస్ఓ 400 కాబట్టి అదే వెలుతురులో 1/6 దరిదాపుల్లో పడుతుంది. 4×5 నెగెటివ్‌కి దాని గ్రెయిన్ ఏమీ అడ్డు కాదు. ఎఫ్‌పీ4 ఇంట్లో కుండీలకి. అక్కడ సెకను దాటితే రెసిప్రాసిటీ, అంటే ఎక్కువసేపటి ఎక్స్‌పోజర్‌లో ఫిల్మ్ మందగించడం, కూడా చూసుకోవాలి: మీటరు 4 సెకన్లంటే దాదాపు 6, 8 అంటే 14 దాకా ఇవ్వాలి.

కొమ్మని పట్టి ఉంచడానికి వెదురు పుల్ల నేలలో గుచ్చి, ఫ్రేములో పడని చోట బట్టల క్లిప్పుతో కాడని పట్టించండి. క్లిప్పు పళ్ళకి దూది చుట్టండి, మొక్క కూడా ప్రాణమే. ఇంకో పుల్ల కొన పువ్వుకి పక్కన, ఫ్రేము బయట, ఆనీ ఆననట్టు పెట్టుకుంటే గాలి వచ్చిపోయాక పువ్వు పాత చోటికి వచ్చిందా లేదా తెలుస్తుంది. లాగిన బెల్లోస్ కూడా తెరచాప లాంటిదే, గొడుగు అడ్డం పెట్టండి. రైలు పొడుగ్గా ముందుకి పోతే దాని కింద ఇంకో చిన్న ట్రైపాడో మోనోపాడో ఆనించండి, బెల్లోస్ మధ్యలో జారి బొమ్మకి అడ్డం రాకుండా కింద నుంచి ఒక దారంతో ఎత్తి కట్టండి.

ఎక్స్‌పోజర్ రెండు సెకన్లు వచ్చి గాలి ఆగకపోతే నాలుగు అర సెకన్లుగా విడగొట్టండి. గాలి ఆగినప్పుడల్లా ఒకసారి నొక్కడం, కెమెరా కదలకుండా షట్టర్ మళ్ళీ కాక్ చేయడం (దాని స్ప్రింగు బిగించడం). పువ్వు ప్రతిసారీ ఆ పుల్ల దగ్గరికి తిరిగొస్తేనే సుమా.

ఫిల్టర్లు

బ్లాక్ అండ్ వైట్‌లో మొక్కలు తీసేవాళ్ళు మొదట దెబ్బతినేది ఇక్కడ. ఎర్ర మందారం, పచ్చటి ఆకు కంటికి ఎంత వేరుగా ఉంటాయో ఫిల్మ్ మీద అంత దగ్గరి బూడిద రంగులో పడతాయి. ఎర్ర ఫిల్టర్ పెడితే పువ్వు తెల్లబడి ఆకు నల్లబడుతుంది, కానీ మూడు స్టాపులు మింగేస్తుంది. పసుపుపచ్చ ఫిల్టర్ పెడితే ఆకు తేలికై పువ్వు ముదురుతుంది, రెండు స్టాపులు. మందారానికి నాకు రెండోదే ఇష్టం, ఎర్రదనం బరువుగా ఉండాలి అనిపిస్తుంది. తంగేడుకి మామూలు పసుపు ఫిల్టర్ చాలు. మోదుగని నీలాకాశం మీద తీసేటప్పుడు నారింజ. తెల్లపూలకి, నందివర్ధనం లాంటివాటికి, ఫిల్టర్ వద్దు, వెలుతురునే మెత్తబరచండి. పాత తెల్ల పంచె రెండు కర్రలకి కట్టి ఎండకి అడ్డం పట్టడాన్ని మించిన డిఫ్యూజర్ నేను చూడలేదు.

షీటు తీసే నిమిషం

ఫోకస్ అయింది, టేపుతో కొలిచారు, లెక్క వేశారు. ఇప్పుడు షట్టర్ మూయండి. మూశారా? మళ్ళీ చూడండి, నేను ఇది మర్చిపోయి డార్క్ స్లైడ్ (హోల్డర్‌లో ఫిల్మ్‌కి అడ్డుగా ఉండే పలక) లాగిన సార్లు చెప్పుకుంటే పరువు పోతుంది. ఎపర్చర్, స్పీడ్ పెట్టి, కాక్ చేసి, ఒకసారి ఉత్తుత్తిగా నొక్కి విని, మళ్ళీ కాక్ చేయండి. ఒక చేత్తో వెనక స్టాండర్డ్ గట్టిగా పట్టుకుని రెండో చేత్తో హోల్డర్ తోయండి, బెల్లోస్ ఇంత లాగినప్పుడు చిన్న తోపుడుకే ఫోకస్ జరుగుతుంది. డార్క్ స్లైడ్ నిదానంగా లాగి, దాన్ని లెన్స్ మీదికి నేరుగా ఎండ పడకుండా గొడుగులా పట్టుకోండి. కేబుల్ రిలీజ్ చేతిలో పెట్టుకుని కళ్ళు పువ్వు మీదే ఉంచండి. ఇది రెండు నిమిషాలు కావచ్చు, ఇరవై కావచ్చు. నొక్కాక స్లైడ్‌ని నలుపు వైపు బయటికి వచ్చేలా పెట్టండి, లేదంటే అదే షీటు మీద రేపు ఇంకో పువ్వు పడుతుంది.

హోల్డర్ నంబరు, బెల్లోస్ పొడవు, ఇచ్చిన ఎక్స్‌పోజర్ అక్కడే రాసుకోండి. ఒకే కొమ్మకి రెండు షీట్లు వాడటం పిసినారితనానికి నొప్పే, అయినా వాడండి, ఒకదాంట్లో గాలి దూరి ఉంటుంది.

కడగడం

ఇంట్లోనే చేస్తా. డీ-76 డెవలపర్ మీరే కలుపుకోవచ్చు: వేడినీళ్ళలో మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2, ఈ వరసలోనే, చివరికి మొత్తం ఒక లీటరు. చల్లారాక సమానంగా నీళ్ళు కలిపితే ఎఫ్‌పీ4కి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. అయితే మన కుళాయి నీళ్ళు మే నెలలో 30 దాటి వస్తాయి, 20కి దించాలని ఐస్ కోసం పరుగెత్తడం కన్నా స్టీలు బేసిన్‌లో కాసిని ఐసు ముక్కలు వేసి 24 దగ్గర ఆపి, సుమారు 8 నిమిషాలు ఇవ్వడం మేలు. ఫిక్సరూ కడిగే నీళ్ళూ కూడా అదే వేడిలో ఉండాలి. అన్‌ఎక్స్‌పోజ్డ్ ఫిల్మ్ ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు పెట్టె బయటికి తీశాక కొన్ని గంటలు ఆగి తెరవండి, వానాకాలంలో అయితే తేమ క్షణాల్లో పట్టేస్తుంది.

నెగెటివ్ ఆరాక స్కానర్ లేదని దిగులు పడకండి, షీటుని కాగితం మీద ఆనించి కాంటాక్ట్ ప్రింట్ తీయండి. మొన్నటి తంగేడు ప్రింట్ మా ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి ఉంది. అమ్మ దాన్ని దగ్గరికి వచ్చి చూసి, "ఈ మొగ్గ మీద చీమ ఉందే" అంది. తీసేటప్పుడు నేను చూడలేదు.